ఏమీ మొలవని పాదు

దొండపందిరి తీగ మీద తడి తువ్వాలు ఆరేస్తుంటే
మోచేతి దాకా ఏదో జివ్వుమంది.
గొంగళిపురుగనుకున్నాను.
రెండోసారి జివ్వుమన్నాక తెలిసింది,
పురుగైతే నన్ను చూసి కదిలేదని.

తలెత్తితే అదే.
మూడేళ్ళ కిందటి దీపావళికి మా ఆయన లాగిన
ఎర్ర పచ్చ జంట వైరు.
పండగ వెళ్ళిపోయింది, అది పందిరి దిగలేదు.
అతుకు మీది నల్ల టేపు
ఎండకు ఊడి, వానకు నాని,
ఇనప తీగ చెవిలో ఏదో చెబుతోంది.

"కోరిటెపాడులో సగం ఇళ్ళు ఇంతే" అన్నాడాయన.
మిగతా సగంలో ఉందామన్నాను.

బాజీ వచ్చాడు.
వచ్చీరాగానే మెయిన్ దించి,
"ముగ్గుందా అమ్మా?" అన్నాడు.
గొంతుకూర్చుని గోడ నుంచి బోరు దాకా
ముగ్గుపిండి జారవిడిచాడు, వంకరగా.
చూడలేక డబ్బా నేనే అందుకున్నాను.

"ఈ గీత కింద రెండడుగుల లోతున వైరు.
మీ గునపం ఎక్కడెక్కడ దిగుతుందో చెప్పండి,
అక్కడల్లా పక్కకి తిప్పుదాం."
చూపించాను:
ఇక్కడ పసుపు కొమ్ములు, ఏటా తవ్వుతాను.
ఇక్కడ కంద.
నిమ్మ వేళ్ళు ఊరుకోవు, దూరం జరుపు.
ఇక్కడ మా చిలకని పూడ్చాం.
అన్నిటికీ ఒంగింది గీత.
చిలక దగ్గర కూడా.

ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన పెరడు
ఆ రోజే మొదటిసారి కాగితమెక్కింది.
ఆ కాగితం ఇప్పటికీ బియ్యం డబ్బా మూతకి అంటించి ఉంది.

పైపు, పైపు మీద ఇసుక, ఇసుక మీద ఇటుకల వరస.
"తవ్వేవాడికి ముందు ఇటుక తగలాలమ్మా.
ఇటుక మాట కూడా విననోడికి
మనమేం చెబుతాం?"

ఈశాన్యం మూల నిలువెత్తు గొయ్యి.
అందులో రాగి పలక,
ఒక వరస బొగ్గు, ఒక వరస చినగంజాం ఉప్పు,
మళ్ళీ బొగ్గు, మళ్ళీ ఉప్పు,
ఆవకాయ జాడీకి ఎత్తినట్టే.
"ఎండాకాలం రోజూ రెండు బిందెలు పొయ్యండి.
ఎండిన మట్టి కరెంటుని మింగలేదు."

చివరికి గోడకొక తెల్ల పెట్టె.
వెళ్ళినంతా తిరిగొచ్చిందా అని లెక్క చూస్తుందట,
వీసమెత్తు తేడా వస్తే కొట్టు కట్టేస్తుందట.
మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళ గుమాస్తా, మా ఆయనకి
ఈ మొత్తం బేరంలో అదొక్కటే నచ్చింది.
నచ్చిందే గాని,
నేను ప్రతి అమావాస్యకీ దాని బొత్తాం నొక్కి చూస్తే
టీవీలో వార్తలు పోయాయని విసుక్కుంటాడు.

ఆషాఢంలో ఒక రాత్రి, జోరు వానలో,
ఎవరూ నొక్కకుండానే అది పడిపోయింది.
ఇల్లంతా చీకటి.
ఆయన చెయ్యి మీట మీదికెళ్ళింది, అలవాటు.
ఆ చెయ్యి పట్టుకున్నాను.
పెళ్ళిలో పట్టుకున్నదానికంటే గట్టిగా.
బాజీకి ఫోన్ చేస్తే నిద్రమత్తులోనే అన్నాడు,
"పెరటి మీట దించేసి, అప్పుడు పైది ఎత్తండి."
ఇంట్లో వెలుగొచ్చింది.
పెరడు చీకట్లోనే తడిసింది.

తెల్లారి చూస్తే
జామచెట్టు కింది దీపానికి గాజు పగిలి ఉంది,
గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో
బొటనవేలంత కప్ప.
నన్ను చూసి కదిలింది.

ఇనప తీగ తీసేసి నైలాను తాడు కట్టాం.
అయినా తువ్వాలు వేసేముందు
ఒక్క క్షణం చెయ్యి గాల్లో ఆగుతుంది.

ఇప్పుడు మే నెల. గుంటూరు గుంటూరులా కాలుతోంది.
మల్లెపాదుకి పోసి, కరివేపాకుకి పోసి,
మూలన ఆకు కూడా లేని మట్టికి రెండు బిందెలు పోస్తుంటే
గోడ మీంచి పక్కింటి కెజియా అడిగింది,
"అక్కడేం నాటావు పెద్దమ్మా?"
ఉప్పు, బొగ్గు అన్నాను.
నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.
నీళ్ళు గుటకలేస్తూ ఇంకడం చూస్తూ నిలబడింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి
ఆ మట్టి అప్పటికే తడిగా ఉంది.
గోడ మీద ఒక చిన్న చెంబు.