అడుగున బెజ్జం

కొండమల్లేపల్లి అంగడి కాడ
మా బస్సు పది నిమిషాలాగుతది.
జంగయ్య చాయ్ తాగెటాలకు
టికెట్ మిషన్ సంకకు తగిలేసుకొని
నేను కుండల దిక్కు వోయిన.

"ఏం చెట్టు పెడ్తవ్ బిడ్డా?"
అడిగింది రామనర్సమ్మ.
"చెట్టు గాదు, చేపలు" అన్న.

చేతిల ఉన్న చిన్న పూలకుండీని
ఆమె పైకెత్తింది,
అడుగు బెజ్జంల నుంచి
ఒక్క కన్నుతోని నన్ను చూసింది.
"నీళ్లు నిలవొద్దని నేను బెజ్జం వెడ్తి,
నువ్వేమో నీళ్లల్లనే ముంచుతనంటివి.
సరే తీయ్.
జాజు పూసినయి మాత్రం ముట్టకు,
రంగు దిగుతది."
వేలి మెటికతోని ఒక్కోదాన్ని కొట్టి
ఖంగుమన్నయి మూడు ఏరిచ్చింది.
ముప్పై రూపాయలు. బేరం చెయ్యలే.

నల్లగొండ దాకా నా సీటు కింద,
గోనెసంచి చుట్టి.
గుంతొచ్చినప్పుడల్లా నేను మెల్లగ మెల్లగ అంటుంటే
"లోపల పురిటి మనిషి ఉన్నదా ఏంది" అన్నడు జంగయ్య.

మా ఇంట్ల అక్వేరియం ఏడాది కిందటిది.
దాంట్ల ఒక ప్లాస్టిక్ కోట,
మూత తెరిచి మూసుకునే పెట్టె,
ఏ నీళ్లల్ల మొలుస్తదో తెల్వని గులాబిరంగు గడ్డి.
మొదలు తెచ్చిన గోల్డ్‌ఫిష్‌లు వారం దాటలే.
"మీ బోరు నీళ్లు గట్టియి మేడం,
వీటికి మొల్లీలే ఆగుతయి" అన్నడు
ప్రకాశం బజార్ ఇర్ఫాన్.

నల్ల మొల్లీలు.
గట్టి నీళ్లంటే పానం వాటికి.
చిన్నప్పుడు మా ఊరి బోరింగు
నా పండ్ల మీద గోధుమరంగు గీతలు గీసింది.
అసుంటి నీళ్లల్లనే ఇవి
నున్నగ, మెరుసుకుంట తిరుగుతుంటే
మొదట్ల జర కోపమొచ్చింది, అబద్ధమెందుకు.

ఆ రాత్రి కుండీలను బకెట్ల నానేసిన.
సుయ్యిమని గాలి ఇడిసినయి.
మే నెలల బస్సు దిగిన మనిషి
సీసా ఎత్తి తాగినట్టు
ఆగి ఆగి, గుటక గుటకకు బుడగ.
నిద్ర పట్టక, లేచి ఇనుకుంట కూసున్న.
తెల్లారి తుడుస్తుంటే ఒకదాని లోపల
బొటనవేలు గుర్తు దొరికింది,
కాలి గట్టిపడ్డ గీతలు, అన్నీ ఉన్నయి.

మూడిట్ల ఒకటి బస్సులనే పగిలింది.
పారెయ్యలే.
సగం చెక్కను ఇసుకల వంచి గూడు చేసిన.
ఒకదాన్ని బోర్లేసిన.
వేలు గుర్తు ఉన్నదాన్ని అడ్డంగ పండవెట్టిన.
కోట తీసేసినందుకు
మా పిల్ల ఒక్క పూట అలిగింది.

మూడొద్దులు ఒక్క చేప దగ్గరికి రాలే.
నాలుగోనాడు లాస్ట్ ట్రిప్పు దిగొచ్చి
బ్యాగు గూడ తియ్యకుండ కూసుంటే,
కడుపుతోని ఉన్న మొల్లి
అడ్డం కుండీ చుట్టు తిరిగి తిరిగి
లోపలికి వోయింది. ఎంతకూ రాలే.
నేను అట్లనే పండుకున్నట్టున్న.
తెల్లారి చూస్తే
అడుగు బెజ్జంల నుంచి
ఒకదానెనుక ఒకటి
ఆవగింజలంత కండ్లు.
నీళ్లు పోనీకె పెట్టిన తొవ్వల
పానాలొస్తున్నయి.

పదిహేను రోజులకు రామనర్సమ్మ
ఖాళీ గంపతోని బస్సెక్కింది.
జీరో టికెట్ చింపిచ్చి
ఫోన్ల వీడియో చూపెట్టిన.
నాకు నవ్వాగలే,
నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యిల
ఫోను ఉండె.

ఆమె ముఖం దగ్గరికి తెచ్చుకొని చూసింది.
చేపలను గాదు.
"ఆ పండవెట్టింది... వంకర వోయింది గద.
సారె ఆగబోంగ తీసిన.
చూస్కోకుండ ఇచ్చిన నీకు."

కొంగుముడి ఇప్పి
పది రూపాయల నోటు నా చేతిల వెట్టింది.
"ఆడోళ్లకు ఫ్రీ గదమ్మా" అన్న.
"టికెట్‌కు గాదు బిడ్డా,
వంకరకు."