పోయొస్తాకు ఇంగ్లీషు

చిత్తూరు బెల్లం మండీ వెనక సందులో
మిద్దె మీద నా క్లాసు.
ఆరున్నర నుంచి ఎనిమిది దాకా
స్పోకెన్ ఇంగ్లీషు, నెలకు నాలుగొందలు.
కింద కొట్లో దిమ్మెలు పగలగొట్టే చప్పుడు,
మెట్ల దాకా తీపి వాసన,
బోర్డు మీద ప్రెజెంట్ కంటిన్యువస్,
దాని మీద ఈగలు.

మొదటి పాఠం అంగడి సంభాషణ.
దీని వెల ఎంత? పది రూపాయలు.
ఇదిగో తీసుకోండి. థాంక్యూ.
పుస్తకంలో బేరం అంతటితో అయిపోయింది.

చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు.
మండీలో హమాలీ,
భుజం మీద టవలు ఇంకా తియ్యలేదు.
"ఇట్ల ఎవురు కొంటారు మేడం?
యా ఊరు, ఎవురి బిడ్డ అని అడగల్ల.
మీ పక్క వాన పడిందా అనల్ల.
ధర జెప్తే, పోతా ఉన్నట్టు రెండడుగులు వెయ్యల్ల.
వాడు 'రా నా, రా' అని పిలవల్ల.
ఆ పిలిచేదానికి ఇంగ్లీషు ఏంది?"

నా దగ్గర లేదు.
ప్లీజ్ అని రాశాను.
దాని కింద బోర్డు ఖాళీగా ఉండిపోయింది.
మన దయంతా మాట చివర వేలాడే తోకలో ఉంటుంది
రాండి, రాప్పా, రా నా, రా మే
ఆ తోక కోసి మొదట్లో అతికించమంటే
ఎట్లా అతుకుతుంది?

నేను మాత్రం తక్కువదాన్నా.
పలమనేరు కాన్వెంటులో తెలుగు మాట్లాడినందుకు
మాటకు పది పైసలు జరిమానా కట్టిన పిల్లను.
కట్టీ కట్టీ
ఇప్పుడు నేనే వసూలు చేస్తున్నాను.

రోజూ క్లాసు అయిపోగానే గుమ్మం దగ్గర
చెంగల్రాయుడు తిరిగి చూసి అనేవాడు
"ఐ గో అండ్ కమ్ మేడం."
రోజూ దిద్దేదాన్ని.
అట్లా కాదు, ఐ యామ్ లీవింగ్ అనాలి.
"లీవింగ్ అంటే వదిలేసేది గదా?"
అవును.
"వదిలేసి యాడికి పోతా మేడం, రేపూ వస్తా గదా."
నోట్సులో ఎర్ర పెన్నుతో కొట్టేసిన చోటే
మళ్ళీ అదే రాసుకొచ్చేవాడు.

ఆషాఢం చివర్లో వాళ్ళ నాయన పోయాడు.
క్లాసంతా రెండు ఆటోల్లో మురకంబట్టు వెళ్ళాం.
నర్సింగ్ హోములో ఆయాగా చేసే దేశమ్మ,
ఇంటర్వ్యూల కోసం నేర్చుకునే మొగిలీశ్వరి,
సెల్‌ఫోన్ల కొట్టు కుప్పుస్వామి.
గోడ వారగా కూర్చున్నాం.
"ఏమన్నా తింటివా నాయనా" అంది దేశమ్మ.
జవాబు కోసం కాదు.
గంట సేపు ఆ ఒక్క వాక్యం మీదే
అందరం సర్దుకుని కూర్చున్నాం.

లేచేటప్పుడు అలవాటుగా నోటి దాకా వచ్చింది
పోయొస్తా.
దేశమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.
చావింట్లో ఆ మాట అనరు.
మళ్ళీ వస్తామని ఆ గడపకు చెప్పరు.
ఊరికే లేచాం, చెప్పులు వేసుకున్నాం,
వెనక్కి చూడకుండా నడిచాం.
చెంగల్రాయుడు తలెత్తలేదు.
ఆ ఎత్తకపోవడమే మాకు సెలవు.

దినాలు అయ్యాక వచ్చాడు, నున్నటి గుండుతో.
ఆ రోజు పాఠం
(మార్చి ఉండాల్సింది, మార్చలేదు)
పరామర్శ.
ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్.
అందరూ అతని వైపు చూడకుండా
ఒకసారి చదివారు.
చెంగల్రాయుడు చెయ్యెత్తాడు.
"సారీ అంటే తప్పు జేసినోళ్ళు గదా జెప్పేది?
మీరేం తప్పు జేసినారు మేడం?
ఇంటిదాకా వస్తిరి. కూచుంటిరి."

కింద ఒక దిమ్మె పగిలింది.
సుద్దముక్క కోసం వెతికాను.
చేతిలోనే ఉంది.

ఎనిమిదైంది. గుమ్మం దగ్గర ఆగాడు.
ఇన్నాళ్ళూ నేను దిద్దింది గుర్తొచ్చినట్టుంది.
ఒక్కో పదాన్నీ
వీపు మీది మూట దించినట్టు మెల్లగా దించి
"ఐ యామ్ లీవింగ్ మేడం" అన్నాడు.

తప్పు లేదు. ఉచ్చారణ కూడా బాగుంది.
రెండు మెట్లు దిగాడు కూడా.

"ఆ కమ్ కూడా
చెప్పి పోప్పా" అన్నాను.