మూరెడు నీడ

బల్లార్‌పూర్‌ల పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడ్డది.
మా సింగి నాలుగు కాళ్ల మీద నిలబడలేక
మూడింటి మీద, ఒక్కోసారి రెండింటి మీద.

గల్లీ మొత్తానికి నీడ ఒక్కటే,
శేవంతా కాకు గోడ కింద మూరెడు.
అందరికీ అదే కావాలె:
కూరగాయల బండికి, సిలిండర్ పిలగానికి,
దీని ఉచ్చకు.

"ఇథే నాహీ!" అని ఆమె.
"ఇంకెక్కడ తల్లీ" అని నేను.
ఆమె మరాఠీ నాకొచ్చు, నా తెలుగు ఆమెకొచ్చు;
కొట్లాటకు మాత్రం ఎవరి భాష వారిదే.

మధ్యాహ్నానికి వాసన లేచి
ఆమె వంటింట్ల కూసుంటదని తెలుసు.
అయినా తెచ్చిన. సిగ్గుతోనే తెచ్చిన.

నిన్న బకెట్‌తో నిలబడ్డది.
మా మీద కుమ్మరిస్తదనుకున్న.
గోడ నుంచి మా గడప దాకా
రోడ్డంత తడిపింది.
పొగలేచింది.

కడుగుడా, చల్లార్చుడా? అడగలే.
సింగి నాలుగు కాళ్లూ ఆనించింది.