మంచు కరిగాక చెప్పండి

అకితలో మంచు పడితే
ముందు చప్పుడు పోతుంది, తర్వాత దారి.
ఆసుపత్రి నేలమాళిగలో నాకు ఆ రెంటితో పనిలేదు.
మైనం దిమ్మలో కూరుకున్న కడుపు ముక్కని
ఉల్లిపొర కన్నా పల్చగా తరుగుతాను.
చుట్టచుట్టుకున్న పొరని గొట్టంలోకి జారుస్తాను.
ఎవరి కడుపో తెలీదు. ఒక నంబరు, అంతే.

డీఎన్ఏ అంటే రాత.
ప్రతి కణం నుదుటా దాదాపు అదే రాత.
ఆర్ఎన్ఏ నోటిమాట,
ఈ పూట ఏం చెయ్యాలో కణం తనలో తాను అనుకునేది.
రాత ఏళ్ళకేళ్ళు ఉంటుంది.
మాట ఇట్టే చచ్చిపోతుంది,
నా వేలి చెమట చాలు దాన్ని మింగెయ్యడానికి.
అందుకే రెండు జతల తొడుగులు, ఐసు పళ్ళెం,
తుమ్ము వస్తే పక్కగదికి పరుగు.

మైనంలో పొడుగు మాటలన్నీ తునాతునకలు.
పొట్టివే బతుకుతాయి, ఇరవై రెండక్షరాలవి.
మా లోయలోనూ అంతే,
పెద్ద కబురు మర్చిపోతారు, గుసగుస మిగులుతుంది.

కోసి తీసేసిన ముక్క ఏమని గొణిగిందో విని
మిగిలిన మనిషి సంగతి చెప్పాలి.
యంత్రం ఇచ్చేది ఆకాశరామన్న ఉత్తరం.
నిజమో కాదో తేలదు,
చదివాక మాత్రం చదవనట్టు ఉండలేం.

నలభై ఒకటో నంబరుకి డెబ్బై ఒకటి వచ్చింది.
ఇలాంటివాళ్ళు వందమంది ఉంటే
ఐదేళ్ళలో డెబ్బై ఒక్కరికి జబ్బు తిరగబెడుతుందని.
ఆ మిగతా ఇరవై తొమ్మిదిమంది ఎవరంటే
యంత్రం కిమ్మనదు.

డాక్టర్ నవాత తోక్యో మనిషి.
ఒక కాగితం పట్టుకుని కిందికొచ్చాడు,
"ఇది మీ యాస, చదివి పెట్టు" అంటూ.
పేరు మీద నల్లసిరా పూసి ఉంది.
'ఫలితం మీకు చెప్పమంటారా?'
అవును గడి ఖాళీ. కాదు గడీ ఖాళీ.
అంచున పెన్సిలుతో:
ముల్లంగికి పొగ పెట్టడం అయ్యాక,
మంచు కరిగాక చెప్పండి. ఇప్పుడు చేతులు ఖాళీ లేవు.

"మంచు ఏప్రిల్ దాకా కరగదే! మందు పెట్టాలంటే ఇప్పుడే పెట్టాలి."
నేను వినడం లేదు.
కాగితం చెర్రీకట్టె పొగ వాసనేస్తోంది.
మా లోయలో ఇంకా పొగ లేచే ఇళ్ళు మూడే.
రెంటిలో ముసలమ్మలు.

మూడోది హతకేయామ తోకిజిది.
నా చిన్నప్పుడు బడి దారిలో మంచు తోసిన బండి ఆయనే నడిపేవాడు.
శనివారం అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను,
పొయ్యి మీద ముల్లంగులు వరసగా వేలాడుతున్నాయి,
కింద ఆయన, సగమైన మనిషి,
గుప్పెడన్నం ముద్దని ముప్పైసార్లు నములుతూ.
"ఉప్పు వద్దన్నారు, పొగ వద్దన్నారు.
తినను. చెయ్యొద్దని అనలేదుగా!
నువ్వేం చేస్తావమ్మా అక్కడ?"
"ముక్కలు కోస్తాను."
"నేనూ అదే."
ఒక ముల్లంగి పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు.
అమ్మ తరిగింది. నాకు మింగుడు పడలేదు.

డిసెంబరు రెండోవారం. నడుములోతు మంచు.
పై అంతస్తు నుంచి ఫోను: "కాగితం తీసుకుని రా."
వెళ్తే కుర్చీలో ఆయన,
బూట్ల చుట్టూ నీళ్ళు.
"ఇంకా కరగలేదు కదండీ," డాక్టరు మెల్లగా అన్నాడు.
"మా గుమ్మం ముందు లేదు. పొద్దున్నే తోసేశా.
ముప్పై నాలుగేళ్ళు అదే పని చేశానయ్యా,
కరిగేదాకా కూర్చుంటే బడి తెరుస్తారా?"

డాక్టరు గ్రాఫు ఆయన వైపు తిప్పాడు.
ఎర్ర గీత, నీలి గీత, మెట్లు మెట్లుగా దిగుతూ.
తోకిజి అటు చూడలేదు.
నన్ను చూశాడు, నా చేతుల్ని చూశాడు.
"ఓహో. కోసింది నువ్వేనన్నమాట.
ఈ రాతలు నాకొద్దు.
నోటితో చెప్పు, మన యాసలో."

నేను తొడుగులు తీశాను.
ముందు ఒక జత.
తర్వాత రెండోది.