కొట్టివేత గీతలు

ఎనభయ్యో రోజు రాత్రి
సభలో గడియారం మీద ఎవరో కోటు కప్పారు.
పన్నెండు దాటితే సమావేశం చెల్లదు గనక
పన్నెండు దాటలేదు.

నేను కింది అంతస్తులో, బాయిలర్ గది పక్కన,
బిల్లుల ప్రూఫులు దిద్దేదాన్ని.
ఇరవయ్యారేళ్ళుగా ఇదే బల్ల, ఇదే దీపం.
కొత్త మాటకి కింద గీత,
పాత మాటకి నడుమ గీత.
చట్టమంటే నాకు తెలిసింది ఈ రెండు గీతలే.

ఈసారి అంతా నడుమ గీతలే.
ఇళ్ళ పన్ను ఇంతకు మించి పెరగకూడదని మేకు కొట్టారు,
ఆదాయపు పన్నులో పావువంతు కోసేశారు.
జడలు అల్లడానికి లైసెన్సు అక్కర్లేదు,
పక్కింటికి వెన్న అమ్మడానికి ఇన్‌స్పెక్టరు రానక్కర్లేదు.
ఏ బడి అన్నది తల్లిదండ్రుల ఇష్టం,
సర్కారు డబ్బు పిల్లవాడి వెనకాలే నడిచిపోతుంది.
నేను కొట్టేసిన మాటల్ని తూకం వేస్తే
గోధుమ బస్తా అంత తూగేవేమో.

వీటిలో కొన్ని నాకు నచ్చాయి, కొన్ని నచ్చలేదు.
నచ్చడానికి నాకు జీతం ఇవ్వరు.

సగం బిల్లులు హార్లన్ ట్వెట్‌వి.
కెనడా సరిహద్దు దగ్గర గోధుమ రైతు,
మెడ వెనక ఎండకి కమిలిన ఎరుపు
చలికాలంలో కూడా వదలదు.
గెలిచి వచ్చిన మొదటి వారం నాతో అన్నాడు:
"ప్రభుత్వం కంచెలా ఉంటే చాలు, ఒటీలియా.
కంచే చేను మేస్తే మాకేం మిగులుతుంది?"
తర్వాతి ఎన్నికల్లో అదే మాట అచ్చు వేయించాడు. మళ్ళీ గెలిచాడు.

ఆయన చివరి బిల్లు ఆ రాత్రి నా బల్ల మీదికొచ్చింది.
కాలం చెల్లిన నిబంధనల రద్దు.
నలభై ఒక్క సెక్షన్లు.
గుర్రాల నీళ్ళతొట్టి ఎంత లోతుండాలో,
ఆదివారం డాన్సు హాలు ఎన్నింటికి మూయాలో,
దుంపల బండి చక్రం ఎంత వెడల్పో...
గీస్తూ పోతున్నాను, కునుకుపాట్లు పడుతూ.
ముప్పై మూడు:
ధాన్యపు గాదె తలుపు లోపల
మనిషి బరువు ఆగే తాడు ఒకటి వేలాడాలి.

కొట్టేసే ముందు
ఆ చట్టం ఎప్పుడు పుట్టిందో చూడటం నా అలవాటు.
ఎవరూ చెప్పని పని.
పందొమ్మిది వందల యాభై ఒకటి.
ప్రవేశపెట్టినవారు: ఇంగ్వాల్ట్ ట్వెట్.
అంచున, వెలిసిపోయిన పెన్సిలుతో, ఎవరో గుమస్తా:
కొడుకు. పదకొండేళ్ళు. కోతల చివర.

ప్రూఫులు దిద్దేవాళ్ళు మాట్లాడకూడదు.
మెట్లెక్కాను.

కారిడార్లో నిలబడి చల్లారిన పిజ్జా తింటున్నాడు.
కాగితం అందుకున్నాడు.
నమలడం ఆపలేదు చాలాసేపు,
నోట్లో ఏమీ లేకపోయినా.
"ఫోటోలో ఒక పిల్లాడుండేవాడు," అన్నాడు,
"ఎవరని అడిగితే మా నాన్న
పశువుల దగ్గరికి వెళ్ళిపోయేవాడు."

సభలో లేచాడు. సవరణ అన్నాడు.
ఈ వేళప్పుడా, అని స్పీకర్ మూలిగాడు.
ముప్పై మూడు మటుకు ఉండనివ్వండి.
సొంత పార్టీ బెంచీల్లోంచే ఒకడు అరిచాడు:
"తాడు కొనాలో వద్దో రైతు ఇష్టం, హార్లన్!
ఈ మాట మాకు నేర్పింది నువ్వే!"
"నిజమే," అన్నాడు ట్వెట్.
కూర్చోలేదు.

నిద్రమొహాల సభ సరేనంది.
కోటు తీస్తే మూడూ ఇరవై.
బయట మిస్సోరీ మీద మంచుపలకలు
ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి.

మర్నాడు మెట్ల మీద ఫోటోలు దిగారు.
పన్ను, బడి, వెన్న, నలభై రద్దులు:
చెప్పినవన్నీ చేశామన్నారు. చేశారు కూడా.
ఆ ఏడు నా ఇంటి పన్ను నూట నలభై డాలర్లు తగ్గింది,
మా వీధిలో మంచు తీసే బండి
సోమవారం బదులు గురువారం వచ్చింది.

తాడు గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.
చట్టంలో మాత్రం ముప్పై రెండు తర్వాత
ముప్పై నాలుగు ఉంటుంది.
తెల్లారిపోయింది, అంకెలు సర్దే ఓపిక లేకపోయింది.
తప్పు నాదే.