పేరిన నూనె

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
పొగ కూడా పైకి పోలేక ఇళ్ల కప్పుల మీదే పడుకుంటుంది.
ట్రాలీబస్సు నడిపే త్సెండ్‌సురెన్
రోజంతా ఏడుస్తూనే ఉంటుంది.

ఏడవడం కాదది.
ఎక్కేవాళ్లకి చెప్పీ చెప్పీ విసిగింది.
చిల్లర చేతిలో పెడుతూ ఒక ముసలాయన
"పోయినవాళ్లు తిరిగొస్తారా తల్లీ" అన్నాడు.
పోయినవాడు ఉన్న మాట నిజమే.
పోయిననాడు మాత్రం చుక్క రాలలేదు.

డాక్టరు ఖోంగోర్‌జుల్ కిందిరెప్ప తిరగేసి చూసింది.
"నీళ్లకేం, బోలెడున్నాయి. నిలబెట్టే జిడ్డే లేదు."
వెంట్రుకల వెనక, రెప్ప అంచున
సూదిమొనంత రంధ్రాలు వరసగా ఉంటాయట.
ఒక్కోదాని వెనకా నూనె తిత్తి.
నూనె పేరింది, దారి మూసుకుంది.

తిమ్మిరి చుక్కలు వేసి
రెప్ప లోపల చెంచా కాడంత పలక,
బయట ఆమె బొటనవేలు.
వచ్చింది నూనె కాదు,
ట్యూబు నొక్కితే వచ్చే పేస్టులా పచ్చటి పోగులు.
త్సెండ్‌సురెన్ కుర్చీ చెయ్యి బిగించి పట్టుకుని
ఎందుకో డిపో మేనేజరుని తిట్టింది.

పొద్దునా రాత్రీ పది నిమిషాల కాపడం.
తడిగుడ్డ ఆ చలికి రెండు నిమిషాలాగదు.
మూడోరోజుకి తనే కనిపెట్టింది:
అతని ఉన్ని మేజోడులో రెండు గుప్పెళ్ల కొర్రలు పోసి
మూతి కుట్టి, పొయ్యి పక్కన వెచ్చబెట్టి
ముంజేతి మీద వేడి చూసుకుని
మూసిన కళ్ల మీద.
ఆపైన వేలితో పైరెప్పని కిందికి, కిందిరెప్పని పైకి.
మేకల్ని పితికిన చేతికి
ఎంత నొక్కాలో ఒకరు చెప్పాలా?

మేజోడు ఉతికిందే. అయినా
వేడెక్కేసరికి పొగాకు వాసన.
ఆ పది నిమిషాలూ ఫోన్ మోగినా లేవదు.

కంటికి రెప్పలా చూసుకోమంటారు.
రెప్పనెవరు చూసుకోవాలో
ఎవరూ చెప్పి పోలేదు.

ఇప్పుడు ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా
రెప్పకి రెప్ప పూర్తిగా తగిలేలా
ఇరవైసార్లు ఆర్పుతుంది.
వెనక సీటు పిల్ల లేచి వచ్చి
"దీపానికి సైగ చేస్తున్నావా?"
"అవును. పచ్చబడమని."

మార్చిలో, దుమ్ముగాలి మొదలైన రోజు
అదే ముసలాయన ఎక్కాడు.
కళ్లలోకి చూసి
"తేరుకున్నావు తల్లీ" అన్నాడు.
ఆమె చిల్లర లెక్కపెట్టుకుంది, రెండుసార్లు.

ఆ రాత్రి మేజోడు వేడెక్కకముందే
వచ్చాయి నీళ్లు.
కాసేపు నిలిచాయి కూడా.