తాడు

షెలెఫ్టియో ఊరి చివర ఇళ్ల ఫ్యాక్టరీ.
బయట మైనస్ ఇరవై రెండు.
లోపల పదకొండు నిమిషాలకో గోడ
పట్టాల మీద నడిచొస్తుంది
కిటికీ తొడుక్కుని, కరెంటు తీగలు కడుపులో దాచుకుని.

ఆల్వార్ ఒక చలికాలమంతా కొట్టే మేకులు
యంత్రం ఒక్క పూటలో కొట్టేస్తుంది.
ఆయన పనిప్పుడు చూడటం.
తేడా వస్తే తాడు లాగటం.

ఇవాళ లాగాడు.
లైనంతా ఆగింది. నలభై తలలు లేచాయి.
షిఫ్ట్ ఇన్‌ఛార్జి తూవా పరుగున వచ్చింది.
"ఎంత?"
"కిటికీ మూల, మూడు మిల్లీమీటర్లు."
"మంచిపని చేశావ్," అని
తప్పు ఏ బల్ల దగ్గర పుట్టిందో
వెతుక్కుంటూ వెనక్కి వెళ్లింది.

తిట్టు కోసం వంచిన మెడ
అలాగే ఉండిపోయింది ఆయనకి.
పాత మేస్త్రీ అయితే
"పుట్టీ పెట్టి పూసెయ్" అనేవాడు.
పూశాడు కూడా, ముప్పయ్యేళ్లు.

ఆ ఇళ్లలో
కిటికీలో పెట్టిన కొవ్వొత్తి
ఇప్పటికీ వణుకుతుంది.